నలభై జతల చెవులు

మనిషి గొంతులో ఏది అనవసరమో తేల్చే అధికారం ఏ చెవికి ఉంది? ఆ అధికారాన్ని దానికి ఇచ్చిందెవరు?

డాక్టర్ త్రిపురసుందరి తన నివేదికలో ఈ ప్రశ్న వేయలేదు. వేయవలసిన చోట, పద్నాలుగో పేజీలో, ఒక పట్టిక వేసింది. ఎడమవైపు ఫ్లాక్, కుడివైపు ఓపస్. శబ్దాన్ని కుదించి దాచే పద్ధతులు రెండూ. మొదటిది ఎంత కుదించినా విప్పినప్పుడు ఒక్క రేణువు తగ్గకుండా తిరిగి ఇస్తుంది. రెండోది చెవికి అందదనుకున్నదాన్ని పారవేసి, అందులో పదో వంతు చోటులో ఇమిడిపోతుంది. రెండూ బహిరంగమైనవే. ఏది ఎలా పనిచేస్తుందో, ఏది దేన్ని పారవేస్తుందో ఎవరైనా చదువుకోవచ్చు, దాపరికం లేదు. కనుక ఈ కథలో జరిగిన తప్పు ఆ పద్ధతులది కాదు. ఈ మాట ముందే చెప్పడం న్యాయం.

విశాఖపట్నంలో సముద్రానికి ఎదురుగా ఒక గుట్ట మీద ఉంది ఆమె పనిచేసే గళ పునర్నిర్మాణ ప్రయోగశాల. క్యాన్సర్ వల్ల స్వరపేటిక తీసివేయక తప్పనివాళ్లు శస్త్రచికిత్సకు ముందు అక్కడికి వచ్చి తొమ్మిది రోజులు మాట్లాడతారు. తిడతారు, బేరమాడతారు, ప్రార్థిస్తారు, ఏమీ తోచనప్పుడు నవ్వుతారు. నోటి ముందు ఒక మైకు, ఛాతీ ఎముక మీద బొత్తాములాంటి మరో మైకు. తరువాత వాళ్ల మెడకు ఒక పట్టీ తొడుగుతారు. అది పెదవుల, నాలుక కదలికలను చదివి, దాచి ఉంచిన గొంతుతో ఆ మాటను పలుకుతుంది. పట్టీకి కింద ఒక చిన్న బిళ్ల వేలాడుతూ ఛాతీని అంటి ఉంటుంది. అదే గొంతుతో అది ఎముకను కదిలిస్తుంది.

ఆ బిళ్ల త్రిపుర కనిపెట్టినది. బిళ్ల లేని తొలి పట్టీలు తొడుక్కున్నవాళ్లు నెల తిరక్కుండా మాట్లాడడం మానుకున్నారు. తన ఎముకల్లో మోగని గొంతుతో మనిషి ఎక్కువ కాలం మాట్లాడలేడని గ్రహించింది ఆమె. అంత గ్రహించిన మనిషే ఆ తరువాతి తప్పు చేసింది.

నాలుగు వందల మంది గొంతులు పోగయ్యాక దాచడానికి చోటు చాలలేదు. రెండు పద్ధతులనూ పోల్చి చెప్పమని డైరెక్టర్ పరాంకుశం కోరాడు. త్రిపుర నలభై మందిని పిలిచింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ముందు అసలు, తరువాత కుదించినది, ఆపైన పేరు చెప్పకుండా రెంటిలో ఒకటి వినిపించి, ఏదో చెప్పమంది. వాళ్ల జవాబులు బొమ్మా బొరుసూ వేసి చెప్పినవాటికన్నా మెరుగ్గా లేవు. నోటి ముందు మైకుకూ అంతే, ఛాతీ మీది మైకుకూ అంతే. తేడా లేదు, అని రాసింది.

ఛాతీ మీది కంపనాన్ని కూడా చెవికే పెట్టి పరీక్షించింది. శబ్దశాస్త్రం చదివినవాళ్లు మాత్రమే చేయగల పొరపాటు అది. చదవనివాళ్లకు ఆ ఆలోచనే రాదు.

కుదించిన ప్రతి సిద్ధమైన నెలకు మూలప్రతి చెరిపివేయాలన్నది కొత్త నియమం. ఆ నియమం కింద రెండు సంతకాలు ఉన్నాయి. మొదటిది పరాంకుశానిది. రెండోది ఆమెది.

*

చోడిపల్లి ఎర్రమ్మ ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై ఆరేళ్లు చేపల వేలం పాడిన మనిషి. పడవలు రేవుకు వచ్చే వేళ ఇంజన్ల మోతను, కాకుల గోలను, రెండు వందల మంది కొనుగోలుదార్ల కేకలను దాటి ఆమె గొంతు రేవు ఆ చివరికి వెళ్లేది. ఆ ప్రాంతపు ఆడవాళ్లు చాలామందిలాగే ఆమెదీ అడ్డచుట్ట. నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని కాల్చేది. చేతులు రెండూ గంపకు పోతాయి, బయట ఉంటే గాలి నిప్పును ఆర్పేస్తుంది, మరేం చేయమంటారు, అని తొలిరోజునే డాక్టర్లను నిలదీసింది. గొంతులో పుండు తేలి స్వరపేటిక తీసేశారు.

ఆమెకు ఒక్కతే కూతురు, పైడమ్మ. ఇరవై రెండేళ్లు. పుట్టుచెవుడు. వినికిడి యంత్రాలేవీ ఆ పిల్లకు ఒక్క చప్పుడూ తేలేదు. బధిరుల బడిలో చదివి తెలుగు చక్కగా రాస్తుంది. వేలం జరిగేటప్పుడు తల్లి వెనక నిలబడి కుడి అరచేయి ఆమె వీపున ఆనించేది. పాట ఖాయమైన క్షణాన ఎడమ చేయి పైకెత్తేది. దూరాన ఉన్నవాళ్లు ఆ చేతిని చూసి కదిలేవాళ్లు. ఆ గోలలో తమ చెవులకన్నా ఆ పిల్ల చేయి నమ్మదగినదని వాళ్లకు అనుభవం. ఇంటి దగ్గరైతే ఆ చేయి తల్లి ఛాతీ మీద ఉండేది. రోజు ఎలా గడిచిందో తల్లి చెప్పేది, చేయి తెలుసుకునేది.

ఆపరేషన్ అయిన ఏడు నెలలకు ఎర్రమ్మకు పట్టీ తొడిగారు. గదిలో త్రిపుర, పరాంకుశం, ఒక నర్సు, పైడమ్మ. ఎర్రమ్మ అందరినీ ఒకసారి కలయజూసి పెదవులు కదిపింది.

“ఏటి, అందరూ అలా కూకుండిపోనారు? సేప పాసిపోనాదా?”

అది ఎర్రమ్మ గొంతే. అంచున ఉన్న గరుకుతో సహా ఆమెదే. నర్సు కళ్లు తుడుచుకుంది. పరాంకుశం నవ్వాడు. ఎర్రమ్మ ఏడు నెలలుగా లోపల కూడబెట్టిన మాటలను ఒక్కొక్కటీ బయటికి తీసింది: ఆసుపత్రి గంజి ఎంత చప్పగా ఉందో, పక్క మంచం మనిషి ఎంత గురక పెట్టిందో. పైడమ్మ దగ్గరికి వచ్చి బిళ్ల మీద అరచేయి ఆనించింది.

చేయి అయిదు సెకన్లు ఉంది. తీసింది. అరచేతిని చూసుకుంది. చున్నీకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఈసారి అంతసేపు కూడా ఉంచలేదు. ఫోను తీసి రెండు మాటలు రాసి త్రిపురకు చూపించింది.

ఈవిడ ఎవరు?

ఎర్రమ్మకు చదువు రాదు. తన గుంట ఏం రాసిందని అడిగింది. బాగుందని రాసిందని త్రిపుర చెప్పింది. యాభై తొమ్మిదేళ్ల జీవితంలో ఆమె చెప్పిన అబద్ధాలు తక్కువ. ఇది వాటిలోకెల్లా తడుముకోకుండా వచ్చినది.

*

ఆ మర్నాడు ఆమె తునికి చెందిన ఒక లెక్కల మాస్టారి శబ్దాలను తెరిచింది. వాటిని రికార్డు చేసి వారమే అయింది, మూలప్రతి ఇంకా చెరపలేదు. ఛాతీ మైకు మూలప్రతినీ దాని కుదించిన ప్రతినీ తెర మీద ఒకదాని కింద ఒకటి పరిచింది. రెండో దాని అడుగుభాగం కత్తితో చదును చేసినట్టు ఉంది. మాటల కోసం అమర్చిన పద్ధతి అది. చెవి పట్టలేని లోతు కంపనాలను ముందే వడపోస్తుంది, మిగిలినవాటిలోనూ పెద్ద శబ్దం చాటున పడే చిన్న శబ్దాన్ని వదిలేస్తుంది. ఈ సంగతి ఆ పద్ధతిని రూపొందించినవాళ్లే స్పష్టంగా రాసిపెట్టారు. ఆమె చదివింది కూడా. చెవి కోసం రాసిన మాటలను ఎముకకు వర్తింపజేసింది తనే.

అసలులోంచి కుదించినదాన్ని తీసివేస్తే ఏం మిగులుతుందో చూడాలనుకుంది. మిగిలినదాన్ని వేరే ఫైలుగా చేసి హెడ్‌ఫోన్లలో పెట్టుకుని వింది. చాలా దూరాన ఎవరో ఇసుక జల్లుతున్నట్టు ఉంది, అంతే. నలభై మంది తప్పు చెప్పలేదు.

అప్పుడు బల్ల మీదున్న బిళ్లను తీసి తన అరచేతిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, అదే ఫైలు మోగించింది.

మాస్టారు ఊపిరి తీసుకున్నారు. ప్రతి వాక్యానికి ముందు పక్కటెముకలు విచ్చుకోవడం అరచేతిలో నెమ్మదిగా ఉబ్బింది. ‘క’తో మొదలయ్యే ప్రతి మాటకూ ఛాతీలో సన్నని తట్టు ఉంది. అన్నిటి కింద, మాటలు నడిచినంతసేపూ, నాడి నడుస్తూనే ఉంది. కోపం వచ్చినచోట ఆ నాడి తొందరపడింది. త్రిపుర ఆ మాస్టారితో తొమ్మిది రోజులు కూర్చుంది గాని ఆయన్ని ఇంత దగ్గరగా ఎరగదు. చెవికి చెత్త అయినది చేతికి మనిషి.

ఆమె ఎర్రమ్మ ఫైళ్ల కోసం లేచింది. కుదించిన ప్రతులు మాత్రమే ఉన్నాయి. మూలప్రతులు ఉండిన చోట ఈపాటికి వేరొకరి గొంతులు రెండుసార్లు రాసేశారు. రిజిస్టరులో మాత్రం ప్రతి ఫైలు పక్కనా ఒక వరుస అక్షరాలు, అంకెలు ఉన్నాయి. మూలప్రతులను దాచిన ఫ్లాక్ తనతో మోసుకువచ్చే ముద్ర అది. విప్పిన శబ్దం మూలంతో తు.చ. తప్పకుండా సరిపోయిందని తేల్చుకోవడానికి పనికివస్తుంది. తేల్చుకోవడానికి ఇప్పుడు శబ్దం లేదు. పదకొండు రోజులు ఆమె ఆ డిస్కుల చుట్టూ తిరిగింది. పోయినది ఎక్కడికో వెళ్లి దాక్కోలేదు. పోయింది.

పరాంకుశం విని, కాసేపు పెన్నుతో బల్ల మీద తట్టి, ఒక ఉపాయం చెప్పాడు. ఇటీవల వచ్చినవాళ్లలో ముగ్గురు ఆడవాళ్ల మూలప్రతులు ఇంకా ఉన్నాయి. వాళ్ల అడుగు కంపనాలను కలిపి ఎర్రమ్మ గొంతు కింద అతికితే ఖాళీ నిండిపోతుంది.

“ఆ అమ్మాయికి ఎలాగూ వినపడదు కదా మేడమ్. ఏదో ఒకటి కదులుతుంటే చాలేమో.”

“నలభై మందిని అడిగాను పరాంకుశంగారూ,” అంది త్రిపుర. “ఆ అమ్మాయిని అడగలేదు. అందుకే ఇవాళ మీ ఎదుట ఇలా నిలబడ్డాను. రెండోసారి అలా నిలబడను.”

అయినా ముందు ప్రయత్నించి చూద్దామన్నాడు ఆయన. చూద్దాం, కాని వాళ్లకు చెప్పి చూద్దాం అంది ఆమె.

*

హార్బర్ వెనక జాలరిపేటలో ఎర్రమ్మ ఇల్లు. త్రిపుర వెళ్లేసరికి ఆమె గడపలో కూర్చుని రొయ్యలు వలుస్తోంది. పైడమ్మ లోపల కుట్టుమిషను దగ్గర ఉంది. ఎర్రమ్మగారూ అని మొదలుపెడితే, గారూ గీరూ అంటే తన రొయ్యలు పాడైపోతాయి, ఆ పీట లాక్కుని కూర్చోమంది ఎర్రమ్మ. త్రిపుర కూర్చుంది. మైకు గురించి, చోటు చాలకపోవడం గురించి, నలభై మంది గురించి, సంతకం గురించి, తాను చెప్పిన అబద్ధం గురించి వరుసగా, ఏదీ మెత్తబరచకుండా చెప్పింది.

ఎర్రమ్మ వలుస్తున్న రొయ్యను గిన్నెలో వేసి చేయి కడుక్కుంది.

“అంటే డాక్టరమ్మా, కుచ్చిళ్ల లోపలికి పోయే గుడ్డ ఎవులికీ అవుపడదని కోసీసినారన్నమాట.”

“అవును.”

“కట్టుకున్నదానికి తెలీదేటి?”

ముప్పై రెండు పేజీల నివేదికలో ఈ మాటకు సాటివచ్చే వాక్యం ఒక్కటీ లేదు. తొడిగిన రోజునే తనకూ తెలిసిందనీ, ఎవరి కొలతకో కుట్టిన రవిక సంకల్లో పట్టేసినట్టు ఉందనీ, అడక్కుండా గొంతు ఇచ్చినవాళ్లకు వంక పెట్టడం బుద్ధి కాదని ఊరుకున్నాననీ ఎర్రమ్మ చెప్పింది. తన బాధ తన గురించి కాదట. బాధంతా ఒక్కటే. ఆ మాట చెప్పడానికి ఆమె లోపలివైపు చూసి, కూతురు తనవైపు చూడడం లేదని నిర్ధారించుకుంది. పెదవులను చదవడం పైడమ్మకు తెలుసు.

“గుంట నా మీద సెయ్యి ఎయ్యడం మానీసినాది. ఏడు నెలలు నాను మూగిదాన్నైనా నా గుండెల మీద సెయ్యేసుకునే తొంగునేది. మీరు గొంతిచ్చినాకే మానీసినాది.”

పట్టీలోంచి ఆ మాటలు నిలకడగా, స్పష్టంగా వచ్చాయి. వణకవలసిన చోట గొంతు వణకలేదు. వణుకు చెరిపివేసిన భాగంలో ఉంది.

*

ముగ్గురు ఆడవాళ్లను కలిపి అతికిన గొంతును మొదట పరీక్షించారు. ఎర్రమ్మ మాట్లాడింది. పైడమ్మ వారాల తరువాత మొదటిసారి బిళ్ల మీద చేయి పెట్టి, ఈసారి చాలాసేపు ఉంచింది. పరాంకుశం ముఖంలో ఆశ కనిపించింది. పిల్ల చేయి తీసి ఫోనులో రాసింది.

ఇందులో ముగ్గురున్నారు. ఒకరికి ఆయాసం. అమ్మ లేదు.

ముగ్గురిలో ఒకావిడకు ఉబ్బసం ఉంది. ఆ సంగతి పైడమ్మకు ఎవరూ చెప్పలేదు. పరాంకుశం ఫోనును తిరిగి ఇచ్చేసి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఆ తరువాత ఆయన త్రిపుర పనికి అడ్డురాలేదు. ఆయనకు కూడా ఈ మాట దక్కవలసినదే కనుక రాస్తున్నాను.

త్రిపుర ఒక చిన్న పెట్టె చేయించింది. దానికి ఏడు గుండ్రని మరలు. ఒకటి తిప్పితే ఊపిరి లోతు మారుతుంది, ఒకటి తట్టు బలం, ఒకటి వణుకు వేగం, ఇలా ఏడు. ఏది ఏమిటో పైడమ్మకు రాసి చూపించి, పెట్టెను ఆమె ఒడిలో ఉంచింది. ఎడమ చేయి మరల మీద, కుడి చేయి తల్లి ఛాతీ మీద. యంత్రాల మధ్య అరవై దగ్గరపడిన శాస్త్రవేత్త పక్కకు జరిగి, బడి పిల్లలా నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంది.

పందొమ్మిది రోజులు, ఉదయాలే. తల్లి ఒకే మాట ఇరవైసార్లు, ముప్పైసార్లు అనేది. పైడమ్మ మరను వెంట్రుకవాసి తిప్పి తల అడ్డంగా ఊపేది. మొదటి అయిదు రోజులూ తల అడ్డంగా ఊపడమే. జోలపాట అయితే బాగా గుర్తుంటుందేమోనని త్రిపుర సూచించింది. ఆ పిల్ల ముఖం చిట్లించి, జోలపాట తనకెవరు పాడారు, అమ్మ రేవులో ఉండేది అని రాసింది. ఆరో రోజున ఎర్రమ్మ విసిగి, ఒక పచ్చి తిట్టు తిట్టింది. పైడమ్మ కళ్లు విప్పింది. మర మీద వేళ్లు చకచకా కదిలాయి. మళ్లీ తిట్టమని సైగ చేసింది. మళ్లీ. నాలుగోసారికి ఆమె చేయి మరల మీంచి తీసేసి, రెండో చేతిని కూడా తల్లి ఛాతీ మీద ఆనించింది.

“నా తిట్టే గేపకం ఉందేటే నీకు?” అంది ఎర్రమ్మ. “ఇరవయ్యేళ్లు ముద్దలు కలిపెట్టినాను, అది నేదా?”

పైడమ్మ పెదవులు చదివి, నవ్వుతూనే, ముద్దలు పెట్టేటప్పుడు నువ్వు మాట్లాడేదానివి కాదు, చుట్ట ఉండేది నోట్లో, అని సైగలతో చెప్పింది. ఎర్రమ్మ నవ్వింది. ఆ నవ్వును పిల్ల పట్టుకుంది. దానికి మరో మూడు రోజులు పట్టింది. చివరి పది రోజుల్లో దొరికినది ఒక్కటే: ‘పైడీ’ అని పిలవబోయే ముందు తల్లి ఛాతీ నిండే తీరు. పిలుపు కాదు, పిలుపుకు ముందు ఉండేది. దూరం నుంచి పిలిచినా కూతురికి వినపడదని తెలిసి కూడా ఆ తల్లి ఇరవై రెండేళ్లూ పూర్తి ఊపిరి తీసుకునే పిలిచింది. ఆ సంగతి నోటు పుస్తకంలో రాస్తూ త్రిపుర కలం ఆపి, కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది.

ఇరవయ్యో రోజున పైడమ్మ పెట్టెను పక్కన పెట్టేసింది. ఇక రాదు, అని రాసింది. మిగతావి నాకు గుర్తులేవు.

ఇది మూలం కాదని త్రిపురకు తెలుసు. చేతి జ్ఞాపకమూ కొన్నిటిని ఉంచి, కొన్నిటిని పారవేస్తుంది. కాని ఈసారి ఏది ఉంచాలో తేల్చింది, ఆ గొంతు ఎవరి కోసం పలికిందో ఆ మనిషి. అంతకు మించి దీన్ని పొగడడానికి లేదు. ఒక తిట్టు, ఒక నవ్వు, ఒక ఊపిరి. తొమ్మిది రోజుల పాటు ఒక మనిషి నిండుగా ఇచ్చి వెళ్లినదానిలో దక్కినది ఇంత.

పైడమ్మ గుర్తుపట్టని కంపనాన్ని తీసేశారు గనుక మిగతా మాటలప్పుడు బిళ్ల దాదాపు కదలదు. ఆ చోట్లను ఏదైనా తేలికపాటి కంపనంతో నింపుదామా, తొడుక్కున్నవాళ్లకు సుఖంగా ఉంటుంది, అని పరాంకుశం అడిగాడు. ఈసారి ఎర్రమ్మనే అడిగాడు.

“వొద్దు బాబూ. ఎవులిదో తెచ్చి నా ఎముకల్లో పెట్టకండి. ఖాళీగా వొదిలీండి. అక్కడ ఏటుండేదో నా గుంటకి తెలీకపోయినా, ఏదో ఉండేదని తెలుస్తాది.”

పైడమ్మ ఆ మాటలను పెదవుల మీదే చదివింది. చేయి బిళ్ల మీదే ఉంది. ఎర్రమ్మ ఇక పరాంకుశాన్ని వదిలేసి కూతురి వైపు తిరిగి, రేవు కబుర్లు మొదలుపెట్టింది: ఎవరి పడవ ఎప్పుడు వచ్చింది, ఎవరు ఎవరితో మాట్లాడడం లేదు. బిళ్ల చాలాసేపు కదలకుండా ఉంది. అప్పుడప్పుడు నవ్వు వచ్చేది. మళ్లీ చాలాసేపు ఏమీ లేదు. త్రిపుర ఆ చేతినే చూస్తూ కూర్చుంది. ఏమీ లేని చోట్ల కూడా ఆ చేయి లేవలేదు.

ఆ వారమే ఆమె మూలప్రతులు చెరిపే నియమాన్ని రద్దు చేయించింది. ఆ నాలుగు వందల మందిలో మిగిలిన మూడు వందల తొంభై తొమ్మిది మంది కుటుంబాలకు ఒక్కొక్క ఉత్తరం, తన చేతిరాతతో, రాయడం ప్రారంభించింది. ప్రతి ఉత్తరంలోనూ మొదటి వాక్యం ఒకటే: మీవారి గొంతులో కొంత భాగాన్ని చెరపవచ్చునని సంతకం చేసిన మనిషిని నేను.

మీ ఇంట్లోనూ ఎవరివో గొంతులు ఉన్నాయి. ఫోనులోనో, పాత డిస్కులోనో, చోటు చాలడం లేదని ఎవరో కుదించి ఇచ్చిన ఫైలులోనో. అవి ఏ రూపంలో ఉన్నాయో ఈరోజే తెరిచి చూడండి. మూలప్రతి ఉంటే ఎవరు చెప్పినా చెరపకండి. చెరిపేసి ఉంటే, తేడా లేదని మీకు చెప్పినవారి పేరు ఒక కాగితం మీద రాయండి. అది మీ పేరే అయినా సరే, రాయండి.